చంద్రగ్రహణం: వాకిట్లోంచి చూసిన చరిత్ర

సూర్యగ్రహణం చూడాలంటే ప్రయాణం కట్టాలి. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ భూమి మీద సుమారు నూరు మైళ్ళ వెడల్పున ఒక చార గీసుకుంటూ పోతుంది. ఆ చారలో ఎవరి వూరు పడితే వారిదే అదృష్టం. 1868 ఆగస్టు 18న ఆ చార మన తెలుగుదేశం మీదుగా పోయింది గనుక ఫ్రాన్సు నుంచి జాన్సెన్, ఇంగ్లీషువారి తరఫున టెనెంట్ గుంటూరులో గుడారాలు వేశారు. మద్రాసు నక్షత్రశాల అధికారి పాగ్సన్ బందరు వచ్చాడు. ఆ నక్షత్రశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్ళాడు. ఆనాడు సూర్యుని అంచు జ్వాలల్లో కనిపించిన పసుపు గీతే తరువాత హీలియం అనే మూలకం జాడ చెప్పింది. ఇదంతా పెద్దల చరిత్ర. డబ్బూ, దూరదర్శినులూ, ప్రభుత్వాలూ కలిసి నడిపిన చరిత్ర.

చంద్రగ్రహణం అటువంటిది కాదు. అది వచ్చిన వేళకు భూగోళంలో ఏ సగానికి రాత్రి అయితే ఆ సగమంతా దానిని ఒక్కసారే చూస్తుంది. టిక్కెట్టు లేదు, గుడారం లేదు, నల్ల అద్దం అక్కరలేదు. వాకిట్లో నులకమంచం వాల్చుకొని పడుకున్న కూలివానికీ, మేడమీద పడక కుర్చీలో కూర్చున్న జమీందారుకీ కనిపించేది ఒకే చంద్రుడు. సూర్యగ్రహణాన్ని నేరుగా చూస్తే కన్ను పోతుందన్న మాట నిజం, దానిని కాదనకూడదు. కాని చంద్రగ్రహణ సమయాన కంటికి చేరేది రోజూ వచ్చే వెన్నెలే. పైగా మామూలు పున్నమి వెన్నెల కన్న ఎన్నో రెట్లు తక్కువ. ఇంత నిరపాయమైన దృశ్యాన్ని చూడకుండా తలుపులు వేసుకొని కూర్చునేటట్లు ఒక జాతికి జాతిని ఎవరు అలవాటు చేశారు? ఎందుకు చేశారు? ఈ ప్రశ్న ఖగోళశాస్త్రానిది కాదు, చరిత్రది.

ముందు కనిపించేదేమిటో చెప్పుకుందాం. 2025 సెప్టెంబరు 7 రాత్రి వచ్చిన గ్రహణాన్నే తీసుకోండి. మన గడియారం ప్రకారం రాత్రి పది కొట్టటానికి మూడు నిమిషాల ముందు చంద్రుని అంచుకు మసి అంటుకున్నట్లయింది. సరిగా పదకొండు గంటలకు బింబమంతా నీడలో మునిగిపోయింది. మునిగిపోయినా మాయం కాలేదు. రాగి చెంబు రంగుకు తిరిగింది. అలా ఎనభై రెండు నిమిషాలపాటు వుండి, అర్ధరాత్రి దాటిన తరువాత ఒక పక్కనుంచి మళ్ళీ తెల్లబడసాగింది. ఆ ఎరుపుకు కారణం వింత గొల్పేదే గాని భయపెట్టేది కాదు. సూర్యకాంతి భూమి చుట్టూ వున్న గాలిపొరలో నుంచి వంగి, నీలి రంగును ఆ గాలిలోనే పోగొట్టుకొని, మిగిలిన ఎరుపుతో చంద్రునిదాకా పోతుంది. అనగా ఆ క్షణాన భూమి మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తున్నదో, ఎక్కడెక్కడ పొద్దు గూకుతున్నదో ఆ సంజెలన్నీ కలిసి చంద్రుని మీద పడుతున్నాయన్నమాట. మరొక సంగతి. చంద్రునిమీద పాకే ఆ నీడ అంచు ఎప్పుడూ వంకరగానే, వృత్తపు ముక్కలాగే వుంటుంది. భూమి గుండ్రమన్నదానికి అరిస్టాటిల్ చూపిన సాక్ష్యాలలో అదొకటి. మన వాకిట్లో నిలబడి మనం కాపురముంటున్న గోళం ఆకారాన్ని మనమే చూడగలిగే సమయం అదొక్కటే.

అటువంటి వేళ మన ఇళ్ళల్లో జరుగుతున్నదేమిటి? పట్టుస్నానం, విడుపుస్నానం. ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద దర్భపోచ. వండిన అన్నం పారబోత. కడుపుతో వున్న కోడలిని చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, కదలవద్దు, కత్తిపీట ముట్టవద్దు, గోరు గిల్లవద్దు అని ఆంక్ష. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది రోకలి. పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో రోకలిని నిలబెడతారు. గ్రహణం పట్టి వున్నంతసేపూ అది తనంతట తాను నిలబడి వుంటుందనీ, విడవగానే పడిపోతుందనీ నమ్మకం. రోకలికి అడుగున ఇనుప పొన్ను వుంటుంది. ఆ పొన్ను సమంగా అరిగి, నేల చదునుగా వుంటే ఓపిక గలవాడెవడైనా ఏ దశమినాడైనా దానిని నిలబెట్టవచ్చు. మామూలు రోజున ఎవరూ నిలబెట్టి చూడరు గనుక గ్రహణం నాడు నిలబడటం మహిమ అయింది. అయినా ఈ రోకలిని చూసి నవ్వేయటం నాకు సాధ్యం కాదు. గడియారం లేని ఇల్లు, పంచాంగం చదవటానికి అక్షరం రాని ఇల్లు, బయటికి తొంగి చూడటానికి హక్కు లేని ఆడది, వీరికి ఆకాశంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలని కోరిక వుండబట్టే గదా రోకలిని పరికరం చేసుకున్నారు! తప్పు పరికరమే. కాని పరిశీలించాలన్న బుద్ధి మాత్రం తప్పుది కాదు. చూపును ఆకాశం మీదనుంచి పళ్ళెంలోకి మళ్ళించినవాడిదే తప్పు.

రాహువు కథ మన పెద్దలందరికీ తెలిసిందే. నన్నయ ఆదిపర్వంలోనూ వుంది, పోతన భాగవతంలోనూ వుంది. పాలసముద్రం చిలికిన శ్రమలో దేవతలకూ రాక్షసులకూ సమాన భాగం. అమృతం వడ్డించేటప్పుడు మాత్రం ఒక పంక్తికే వడ్డన. అవతలి పంక్తివాడొకడు వేషం మార్చుకొని ఇవతలి పంక్తిలో కూర్చున్నాడు. పక్కనున్న సూర్యచంద్రులు కనుసైగ చేశారు, తల తెగింది. ఆ తలకు తీరని పగే గ్రహణమని కథ. ఇది గ్రహణం గూర్చిన కథ అని మనం అనుకుంటాం. నాకైతే పంక్తిభోజనం గూర్చిన కథలా కనిపిస్తుంది. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవచ్చునో, కూర్చుంటే ఏమవుతుందో ఆకాశంలో వ్రాసిపెట్టిన శాసనం అది.

ఈ కథను మన శాస్త్రజ్ఞులు నమ్మారా? నమ్మలేదు. ఇక్కడే అసలు చరిత్ర మొదలవుతుంది.

499లో ఆర్యభటుడు తన గ్రంథంలోని గోళపాదంలో సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడనీ, చంద్రుణ్ణి భూమి యొక్క పెద్ద నీడ కప్పుతుందనీ స్పష్టంగా చెప్పాడు. చెప్పి వూరుకోలేదు, ఆ నీడ ఎంత పొడవుంటుందో, చంద్రుడు పోయే దూరంలో దాని వెడల్పెంతో లెక్క కట్టే విధానం ఇచ్చాడు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహుచారమని ఒక అధ్యాయం పెట్టి, రాహువును గూర్చి లోకం చెప్పే మాటలన్నీ వరుసగా తీసుకొని ఖండించాడు. రాహువు ఇష్టం వచ్చినట్లు తిరిగే ప్రాణి అయితే వాని రాకను ముందుగా లెక్క ఎట్లా కడుతున్నామని అడిగాడు. ఎనిమిదవ శతాబ్దంలో లల్లుడు మిథ్యాజ్ఞానం పేరిట ఒక ప్రకరణమే వ్రాశాడు; ఈ మింగే రాక్షసుడు పున్నమి నాడే ఎందుకు మింగాలి, మిగతా రోజుల్లో ఆకలి వేయదా అన్న ధోరణి వాదాలు అందులో వున్నాయి. అదే బృహత్సంహితలో వరాహమిహిరుడు ఏ మాసంలో గ్రహణం పడితే ఏ దేశానికి ఏ కీడో చెప్పే ఫలితాలను కూడా పుటలు పుటలుగా నింపాడన్నది మరచిపోరాదు. కారణం తెలిసిన తరువాత కూడా ఫలితం అమ్ముడుపోతూనే వుంది.

ఈ వరుసలో నన్ను ఎప్పుడూ కలతపెట్టేవాడు బ్రహ్మగుప్తుడు. 628లో, ముప్ఫయి ఏళ్ళ వయసులో, భిల్లమాలంలో కూర్చుని బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం వ్రాశాడు. సున్నతో గణితం చేయటానికి నియమాలు వ్రాసిన మేధావి. అటువంటివాడు ఆర్యభటునీ, వరాహమిహిరునీ పేరు పెట్టి తప్పుపట్టాడు. ఎందుకు? గ్రహణానికి రాహువు కారణం కాదన్నందుకు! అది వేదానికీ, స్మృతికీ, లోకుల నమ్మకానికీ విరుద్ధమన్నాడు. ఆయన వాదంలో ఒక వాక్యముంది; దాని సారాంశమేమంటే, రాహువే లేకపోతే గ్రహణ సమయాన చేసే స్నానాలూ జపాలూ దానాలూ ఫలం లేనివైపోతాయి గదా అని. వేదం పేరు, స్మృతి పేరు ముందు చెప్పినా అసలు ఇరుసు ఇక్కడ వుంది. అంతా చేసి, అదే గ్రంథంలో గ్రహణాధికారానికి వచ్చేటప్పటికి ఆయన లెక్క కట్టినది రాహువు నోటి కొలతతో కాదు, భూమి నీడ కొలతతో.

నాలుగు వందల ఏళ్ళ తరువాత, 1030 ప్రాంతాన, ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నవాడు పరదేశి. ఖ్వారెజ్మ్ నుంచి గజనీ మహమ్మదు కొలువుకు బందీ వలె వచ్చి, సంస్కృతం నేర్చుకొని హిందూదేశాన్ని గూర్చి గ్రంథం వ్రాసిన అల్ బిరూనీ. గ్రహణాలతో ఆయనకు స్వయంగా పరిచయముంది. 997లో తాను కాత్ నగరంలోనూ, అబుల్ వఫా బాగ్దాదులోనూ వుండి ఒకే చంద్రగ్రహణాన్ని ముందుగా అనుకొని చూశారు. గ్రహణం అందరికీ ఒకే క్షణాన పడుతుంది గనుక రెండు వూళ్ళ స్థానిక కాలాల తేడానుబట్టి ఆ వూళ్ళ మధ్య రేఖాంశ దూరం తేల్చారు. ఎవరి వూళ్ళో వారుండి భూమిని కొలవటమంటే ఇదే. అటువంటి బిరూనీకి బ్రహ్మగుప్తుని మాటలు చదివినప్పుడు కోపం వచ్చింది, వెంటనే జాలి కూడా వేసింది. ఇంత తెలిసినవాడు అంతరాత్మకు విరుద్ధంగా ఇట్లా వ్రాయటానికి సోక్రటీసుకు పట్టినటువంటి గతి ఏదో ఇతనికీ ఎదురై వుంటుందని వూహించాడు.

బిరూనీ దయగలవాడు. నేనంత దయ చూపలేను. బ్రహ్మగుప్తుని ఎవరైనా బెదిరించినట్లు ఆధారం కనిపించదు. బెదిరించవలసిన అవసరం కూడా వుండదు. ఎవరి అన్నం తింటున్నామో తెలిసిన పండితునికి హెచ్చరిక అక్కరలేదు. నిజం లెక్కల అధ్యాయంలో వుంచి, అబద్ధాన్ని వూరికి చెప్పటం ఆయనతో మొదలు కాలేదు, ఆయనతో ఆగిపోలేదు. పన్నెండవ శతాబ్దపు భాస్కరాచార్యుని నాటికి రాజీ సూత్రమే తయారయింది: బ్రహ్మ వరంచేత రాహువు భూమి నీడలో దూరి చంద్రుని కప్పుతాడట! నీడా నిలిచింది, రాహువూ నిలిచాడు, దక్షిణా నిలిచింది.

ఆ దక్షిణ ఎంతటిదో తెలియాలంటే మన రాగిరేకులు చూడాలి. ఒకప్పటి విశాఖ మండలంలోని చీపురుపల్లి దగ్గర దొరికిన తామ్రశాసనం తూర్పు చాళుక్య వంశానికి మూలపురుషుడైన కుబ్జవిష్ణువర్ధనుడిది. ఆయన పద్దెనిమిదవ రాజ్యసంవత్సరంలో, శ్రావణమాసంలో, చంద్రగ్రహణ సందర్భాన చేసిన భూదానం అందులో వుంది. శాసనంలో శకసంవత్సరం లేదు. ఉన్న గడియారం ఆ గ్రహణమే. ఫ్లీట్ దొర వెనక్కు లెక్కించి అది 632 జూలై 7 నాటి గ్రహణమన్నాడు. తూర్పు చాళుక్యుల కాలక్రమాన్ని మరొక విధంగా కట్టిన చరిత్రకారులు దానిని దాదాపు దశాబ్దం ముందుకు తెచ్చారు. ఆ తగవు ఇక్కడ మనకు ముఖ్యం కాదు. ఫ్లీట్ లెక్క సరి అయితే బ్రహ్మగుప్తుడు గంటం కింద పెట్టిన నాలుగేళ్ళకు అన్నమాట. అక్కడ పశ్చిమాన రాహువు లేకపోతే దానం ఏమవుతుందన్న బెంగ, ఇక్కడ తూర్పున రాహువు పేర దానం.

ఇది ఒక్కటే కాదు. చాళుక్యుల నుంచి కాకతీయులు, రెడ్లు, విజయనగర రాజుల వరకూ తెలుగుదేశపు శాసనాలలో సోమగ్రహణ నిమిత్తం, సూర్యగ్రహణ నిమిత్తం ఇచ్చిన పొలాలకూ వూళ్ళకూ కొదవ లేదు. గ్రహణవేళ ఇచ్చినది ఎన్నో రెట్లు ఫలిస్తుందన్నారు. ఇచ్చేవానికి పుణ్యం, పుచ్చుకునేవానికి సర్వకర పరిహారంగా భూమి. మరి ఆ భూమిలో దున్నేవాడో? తూర్పు చాళుక్యుల దానపత్రాలలో ఆజ్ఞ ఎవరినుద్దేశించి వుంటుందో గమనించండి: రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులను, అనగా ఆ వూరి కాపుగృహస్థులను పిలిచి, మీకు తెలియజేయునదేమనగా అని మొదలవుతుంది. అంతవరకూ రాజుకు కట్టిన పన్నులు ఇకనుంచి ఎవరికి కట్టాలో చెప్పటమన్నమాట. ఆ రాత్రి ఆ కుటుంబులు కూడా తమ వాకిళ్ళలో నిలబడి ఎర్రబడిన చంద్రుని చూసే వుంటారు. తెల్లవారేసరికి తమ వూరు చేతులు మారిందని మాత్రం ఆ చంద్రుడు చెప్పలేదు, రాగిరేకు చెప్పింది.

శాసన పరిశోధకులకు ఈ గ్రహణాలు మరొక విధంగా పనికివచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో సివిలు ఉద్యోగం చేసిన రాబర్టు స్యూయెల్, మన విజయనగర చరిత్రను వెలికితీసినవాడే, 1898లో హిందూదేశపు చంద్రగ్రహణాల మీద ప్రత్యేకంగా గ్రంథం ప్రకటించాడు. తరువాత స్వామికన్ను పిళ్ళె 1922లో ప్రకటించిన సంపుటాలు ఈనాటికీ పరిశోధకుల బల్లమీద వున్నాయి. ఏ తేదీన గ్రహణమని శాసనం చెబుతున్నదో ఆ తేదీన ఆకాశంలో గ్రహణమే లేకపోతే, ఆ రేకు తరువాతివారెవరో పొలం కోసం పుట్టించినదేమో అని అనుమానించటానికి వీలయింది. ఈ లెక్కలవల్ల బయటపడిన మరొక విశేషముంది. శాసనాలలో పేర్కొన్న గ్రహణాలలో కొన్ని అసలు ఈ దేశంలో కనిపించనే కనిపించవు! పట్టపగలు, చంద్రుడు దిగంతానికి కింద వుండగా పట్టిన గ్రహణానికి కూడా దానం జరిగిందన్నమాట. పంచాంగంలో వుంటే చాలు, ఆకాశంలో అక్కరలేదు. చూపుకూ పుణ్యానికీ ఏనాడో తెగిపోయిన సంబంధానికి ఇంతకన్న సాక్ష్యం ఏముంటుంది?

గ్రహణాన్ని ముందుగా తెలిసినవాడు తెలియనివాణ్ణి దోచుకోవటం మన దేశానికే పరిమితం కాదు. 1504 ఫిబ్రవరి 29న జమైకా తీరంలో ఓడలు చెడిపోయి చిక్కుబడిన కొలంబస్, తిండి పెట్టటం మానేసిన స్థానికులను పిలిచి, దేవుడు కోపించి ఈ రాత్రి చంద్రుని ఎర్రగా చేస్తాడని బెదిరించాడు. రెజియోమోంటానస్ పంచాంగం ఆయన పెట్టెలో వుంది. గ్రహణం పట్టింది, తిండి వచ్చింది. ఐరోపా బడిపుస్తకాల్లో ఇది చాలాకాలం యుక్తిగా చెలామణి అయింది. మన రాగిరేకులనూ ఆ లెక్కన యుక్తులనవచ్చు.

అయితే పంచాంగం కట్టినవారందరినీ ఒకే గాట కట్టటం న్యాయం కాదు. చూసినవారున్నారు. కేరళలో నీలానది సముద్రంలో కలిసే చోట వటశ్శేరి పరమేశ్వరుడనే నంబూద్రి వుండేవాడు. 1393 నుంచి 1432 వరకు పట్టిన సూర్య చంద్ర గ్రహణాలను తాను చూసిన చోటుతో, నీడ కొలతలతో సహా వ్రాసిపెట్టాడు. ఆయన యాభై అయిదేళ్ళపాటు ఆకాశాన్ని పరిశీలించాడని తరువాతి తరంవాడైన నీలకంఠ సోమయాజి చెప్పాడు. తండ్రులనాటి లెక్క తన కంటికి కనిపించిన గ్రహణంతో సరిపోవటం లేదని తేలినప్పుడు ఆయన ఆకాశాన్ని తప్పుపట్టలేదు, లెక్కనే మార్చాడు. 1431లో దృగ్గణితం అన్న పద్ధతి ఆ విధంగా పుట్టింది. దృక్కు అంటే చూపు. కంటికి కనిపించిన దానితో సరిపోయేటట్లు గణితం కట్టటం. నాలుగు వందల ఏళ్ళ తరువాత మద్రాసులో రఘునాథాచారి పాత పంచాంగాల తప్పులను చూపి మళ్ళీ ఈ దృగ్గణితం మాటే ఎత్తవలసి వచ్చిందంటే, పరమేశ్వరుని చూపు మధ్యలో ఎంత దూరం ప్రయాణించిందో, ఎంత ప్రయాణించలేదో మీరే అంచనా వేసుకోండి.

పేరు తెలియని లెక్కగాళ్ళు కూడా వున్నారు. శుక్రుడు సూర్యునికి అడ్డుపడటాన్ని చూడటానికని బయలుదేరి పుదుచ్చేరి చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగాడిన ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లెజాంతీ, అక్కడి తమిళ పంచాంగకర్త ఒకరి దగ్గర గ్రహణగణితం నేర్చుకున్నాడు. 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపు వుంటుందో ఆ తమిళుడు గవ్వలతో కట్టిన లెక్కలో 41 సెకండ్లు తక్కువ వచ్చింది. ఐరోపాలో ఆనాడు అత్యుత్తమమనుకున్న టోబియాస్ మేయర్ పట్టికల ప్రకారం కట్టిన లెక్కలో 68 సెకండ్లు ఎక్కువ వచ్చింది. ఈ ముచ్చట చెప్పి మనవాళ్ళు ఛాతీ విరుచుకుంటారు. విరుచుకోవలసిందే గాని రెండవ ముచ్చట కూడా వినాలి. 1825లో జాన్ వారెన్ అనే సైనికోద్యోగి కాలసంకలితమన్న గ్రంథంలో మరొక పంచాంగకర్తను గూర్చి వ్రాశాడు. అతను నేలమీద గవ్వలు పేర్చి, నోటికి వచ్చిన పద్యాక్షరాలలో దాచుకున్న పట్టికల సాయంతో ఆ సంవత్సరం మే 31 రాత్రి గ్రహణాన్ని లెక్క కట్టాడు. పట్టుకాలం నాలుగు నిమిషాల తేడాతో తగిలింది. మధ్యకాలం 23 నిమిషాలు తప్పింది. విడుపు 52 నిమిషాలు తప్పింది. కాగితం లేకుండా అంతవరకు రావటం అద్భుతమే. కాని ఆ గవ్వల లెక్క వెనుక వున్న సిద్ధాంతం వేయి సంవత్సరాలకు పైబడినది, ఏ అక్షరం ఎందుకు వున్నదో అతనికి తెలియదు, గురువు చెప్పాడు గనుక వల్లిస్తున్నాడు. చూసి దిద్దుకునే పరమేశ్వరుని విద్య కులవిద్య అయ్యేసరికి వల్లెవేతగా గడ్డకట్టింది. గ్రహణం విడిచేవేళకు అతను వాకిట్లోకి వచ్చి తన 52 నిమిషాలు చూసుకున్నాడా? చూసుకుంటే గవ్వను కదిపాడా? అందులో వుంది అసలు సంగతి.

మన తెలుగునాట ఇంటినుంచే ఆకాశాన్ని చూసినవారిలో విశాఖపట్నంవారిని తలచుకోకుండా వుండరాదు. గోడే వెంకట జగ్గారావు మద్రాసు నక్షత్రశాలలో టెయిలరు దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకొనివచ్చి, 1840 ప్రాంతాన డాబాగార్డెన్సులోని తన ఇంటి ఆవరణలోనే నక్షత్రశాల కట్టుకున్నాడు. 1856లో ఆయన పోయిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు సర్కారు వుద్యోగం వదలుకొని దానిని నడిపాడు. గ్రహణాలనూ, తోకచుక్కలనూ, 1874 డిసెంబరులో సూర్యబింబం మీదుగా సాగిన శుక్రుణ్ణీ చూసి లండనులోని రాయల్ ఖగోళ సంఘానికి నివేదికలు పంపాడు. ఆ సంఘం ఆయనను 1871లో సభ్యునిగా తీసుకొన్నది. గౌరవించవలసిన కృషి. కాని ఆ నివేదికలు ఇంగ్లీషులో లండను వెళ్ళాయి. గోడ అవతలి వీధిలో రోకలి పళ్ళెంలోనే వుండిపోయింది. జమీందారీ సంపద కట్టిన నక్షత్రశాలనుంచి వీధికి దారి పడలేదు; దానికి ఒక మనిషిని నిందించటం సులువు గాని, ఆ కాలపు విద్య ఎవరికోసం, ఏ భాషలో నడిచిందో చూడకుండా నిందించటం చరిత్ర కాదు.

ఇక వీధిలోకి, వీధిలోనుంచి వంటింటిలోకి వద్దాం. ఎందుకంటే గ్రహణపు అసలు బరువు మోస్తున్నది అక్కడివారే. పుట్టుకతో పెదవి చీలి వున్న బిడ్డను మన తెలుగులో ఏమంటున్నాం? గ్రహణమొర్రి అంటున్నాం. ఆ మాటలోనే తీర్పు వుంది, ముద్దాయి పేరు కూడా వుంది. గ్రహణంనాడు తల్లి ఏదో తరిగింది, ఏదో చూసింది, ఒత్తిగిలి పడుకొంది. బిడ్డను చూసిన ప్రతివారూ ఆమెను ఆ ఒక్క ప్రశ్నే అడుగుతారు. ఆమె కూడా గుర్తు తెచ్చుకుంటుంది, దొరకకపోతే కల్పించుకొని ఒప్పుకుంటుంది. అవును, ఆ రోజు మరచిపోయి వంకాయ తరిగాను అంటుంది.

పిండంలో పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారంలోపు. అంగిలి మరికొన్ని వారాలలో పూర్తి అవుతుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు తాము కడుపుతో వున్న సంగతే సరిగా తెలియదు. మనం చీకటి గదిలో పెట్టేదేమో అయిదో నెలదానిని, ఏడో నెలదానిని, నెలలు నిండినదానిని. బిడ్డ పెదవి ఏనాడో అతుక్కుపోయిన తరువాత! చీలటానికి కారణాలు వంశంలో వుండవచ్చు, పోషకాహార లోపంలో వుండవచ్చు, పొగాకులో వుండవచ్చు, కొన్ని మందులలో వుండవచ్చు. గ్రహణమన్న మాటే ఎరుగని దేశాలలోనూ, గ్రహణాన్ని పిల్లాపాపలతో పచ్చికమీద పడుకొని చూసే దేశాలలోనూ ఈ బిడ్డలు పుడుతూనే వున్నారు. శస్త్రచికిత్సతో పెదవి కుట్టవచ్చు, కుడుతున్నారు. కాని ఎండాకాలపు రాత్రి గాలి ఆడని గదిలో మంచినీళ్ళు కూడా ముట్టకుండా గంటల తరబడి పడివున్న చూలాలికి జరిగే హాని మాత్రం నిజమైన హాని. నీళ్ళు చాలకపోవటం, నీరసం, శోష. రాహువు చేయనిది మనం చేస్తున్నాం.

మన గ్రామాలలో, నగరాలలో జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలవారు గ్రహణవేళ చౌరస్తాలలో దూరదర్శినులు పెట్టి, అందరి ఎదుటా ఫలహారాలు పంచి తింటున్నారు. చేయవలసిన పనే. అయితే చౌరస్తాకు వచ్చేది ఎక్కువగా మగవాళ్ళూ కుర్రవాళ్ళూ. గ్రహణం కాపురముండేది చౌరస్తాలో కాదు. అత్తగారి చూపు, పక్కింటి ప్రశ్న, రేపు పుట్టబోయే బిడ్డ మీద పందెం, ఇవన్నీ కాచుకొని వున్న ఇంట్లో ఆడది ఒక్కతే నిలబడి నమ్మకాన్ని కాదనటం, చౌరస్తాలో పుణుగులు తిన్నంత తేలిక కాదు. ఆమెతోపాటు మొగుడు కూడా వాకిట్లోకి వచ్చి నిలబడితే తప్ప.

అవతలి పక్క మరొక వాకిలి వుంది. మహారాష్ట్రంలోనూ, గంగా మైదానంలోనూ అంటరానివారుగా చూడబడిన కులాలవారు గ్రహణం నాడు వీధి వెంట దానం అడుగుతూ తిరిగేవారు. రాహువు వారి జాతివాడట! వారికి ఇస్తే వాడు వదులుతాడట! ఆ రాత్రి వారికి దొరికేది చిరిగిన పాతబట్ట, చారెడు గింజలు, ఎలాగూ పారబోయవలసిన అన్నం. అదే గ్రహణం, అదే రాహువు, అదే పుణ్యం. ఒకరికి సర్వకర పరిహారంగా అగ్రహారం, మరొకరికి మైలపడిన కూడు. పంక్తి కథను ఇక్కడ ఒకసారి మళ్ళీ గుర్తుచేసుకొంటే చాలు.

గుళ్ళ సంగతి కూడా ముచ్చటైనదే. గ్రహణవేళ తిరుమలతో సహా గుళ్ళన్నీ తలుపులు మూస్తాయి. అంతే భక్తితో శ్రీకాళహస్తి గుడి తెరిచివుంటుంది, రాహుకేతువుల పూజలు అక్కడ ప్రసిద్ధం గనుక. మూసినవారి శాస్త్రమూ, తెరిచినవారి శాస్త్రమూ ఒకే ఆకాశం కింద, పట్టుమని నలభై కిలోమీటర్ల దూరంలో, ఏ తగవూ లేకుండా చెల్లుతున్నాయి.

2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం వుంది. మన తెలుగునాట ఆకాశం నిర్మలంగా వుంటే రాత్రి పది దాటి ఇరవై నిమిషాల ప్రాంతాన అది నడిమధ్యకు వస్తుంది. బింబమంతా గంటకు పైగా నీడలో వుంటుంది. అది కొత్త సంవత్సరపు ముందురాత్రి. ఆ వేళకు మన వూళ్ళలో ఏ పొయ్యీ ఆరి వుండదు. బేకరీల ముందు వరుసలు, బిర్యానీ డేగిసాలు, మేడలమీద పిల్లల కేకలు, వీధుల్లో ముగ్గులు పెడుతున్న ఆడపిల్లలు. పంచాంగం ఆ రాత్రికి పట్టు ఎన్ని గంటలకో, భోజనం ఎన్ని గంటలలోపో తప్పక ప్రకటిస్తుంది. ముగ్గు పెడుతూ ఒక పిల్ల తల ఎత్తి చూస్తుంది.